నాలుగో వారంలోనే వెన్ను

మిర్యాలగూడలో స్కానింగ్ సెంటర్ల ముందు పొద్దున్నే కుర్చీలు నిండిపోతాయి. ఐదో నెల నడుస్తున్న ఆడపిల్లలు, పక్కన ఫైలు పట్టుకున్న తల్లో అత్తో, బయట బండి మీద కూర్చుని ఫోను చూసుకునే మొగుడు. ఎందుకొచ్చారంటే "టిఫా రాసిండ్రు" అంటారు. కడుపులో బిడ్డకు తల, వెన్ను, గుండె, కాళ్లూ చేతులూ సరిగా ఉన్నాయో లేదో చూసే స్కాన్ అది. 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. తప్పకుండా చేయించుకోవాల్సిందే. కాకపోతే తెర మీద డాక్టరమ్మ చూపించే ఆ వెన్ను కట్టడం ఎప్పుడో ముగిసిపోయింది. బిడ్డ కడుపులో పడ్డ నాలుగో వారంలోనే. అప్పటికి ఈ పిల్లకు నెల తప్పి రెండు వారాలు. చాలామందికి ఆ పాటికి అనుమానమే తప్ప నమ్మకం ఉండదు.

నేను డాక్టరును కాను బిడ్డా. పెద్దవూర దిక్కు బళ్లలో సైన్సు చెప్పి రిటైరైన ముసలోణ్ని. మందుల సంగతి దవాఖానలోనే అడగాలి. కానీ ఈ తేదీల లెక్క, ఆ తేదీలకూ మన వంటింటికీ ఉన్న సంబంధం, ఇవి చెప్పడానికి సైన్సు మాస్టరు చాలు.

ముందు లెక్క సంగతి. డాక్టర్లు వారాలను ఆఖరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెడతారు. చీటీ మీద "ఆరో వారం" అని రాశారంటే బిడ్డ వయసు నాలుగు వారాలే అన్నమాట. మొదటి రెండు వారాలు అసలు బిడ్డే లేదు! ఆ లెక్కన కాన్పు 280 రోజులకు. మన ముసలమ్మలు తొమ్మిది నెలల తొమ్మిది రోజులంటారు చూడు, కూడి చూస్తే రెండు మూడు రోజులే తేడా. చదువూ సంధ్యా లేకున్నా వాళ్ల లెక్క అంత ఖచ్చితం.

ఇక లోపలి సంగతి. అండం, వీర్యకణం కలిసేది గర్భసంచిలో కాదు, దానికి అటూ ఇటూ ఉండే సన్నటి నాళంలో. అక్కడి నుంచి ఒక్క కణం రెండై, రెండు నాలుగై, విడిపోతూనే జరుగుతూ వస్తుంది. గర్భసంచి చేరి దాని గోడకు అంటుకునేసరికి దాదాపు వారం, కొందరికి పది రోజులు. అలా అంటుకున్నాకే తల్లి రక్తంలోకి ఒక హార్మోను దిగుతుంది. మెడికల్ షాపు నుంచి తెచ్చిన కిట్టు మీద రెండో గీత గీసేది ఆ హార్మోనే. అంతకుముందు ఏ కిట్టూ చెప్పలేదు, ఏ డాక్టరూ చెప్పలేడు.

మూడో వారంలో బిడ్డ మూడు పొరల చిన్న బిళ్ల. 22వ రోజు ప్రాంతంలో గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అదే సమయంలో ఆ బిళ్ల వీపు మీద ఒక పట్టీ మందమై, రెండు అంచులూ పైకి లేచి, ఒకదానికొకటి వంగి కలుసుకుంటాయి. బీడీలు చుట్టే అమ్మలను చూశావా? కత్తిరించిన తునికాకును బల్లపరుపుగా పెట్టి, వేళ్లతో గొట్టంలా చుట్టి, ఆఖరున రెండు కొసలనూ గోటితో లోపలికి మడిచి మూసేస్తారు. అచ్చం అదే పని. (గర్భిణుల ముచ్చటలో పొగాకు పోలికేమిటని కోప్పడకు, ఇంతకంటే సరైనది దొరకలేదు.) అలా చుట్టుకున్న గొట్టమే రేపటి మెదడు, వెన్నుపాము. తలవైపు కొస 25వ రోజుకు అటూ ఇటూగా మూసుకుంటుంది, తోకవైపు కొస 28వ రోజుకల్లా. తలవైపు కొస మూసుకోకపోతే మెదడు ఏర్పడదు, ఆ బిడ్డ బతకదు. తోకవైపు తెరుచుకుని ఉండిపోతే దాని మీది వెన్నుపూసలు కూడా కలవవు. అలా పుట్టిన పిల్లల్లో చాలామందికి కాళ్లలో బలం ఉండదు, మలమూత్రాల మీద పట్టు ఉండదు. తర్వాత ఎన్ని మందులు మింగినా తెరుచుకున్న కొస మళ్లీ మూసుకోదు.

భాగవతంలో కపిలుడు తల్లి దేవహూతికి పిండోత్పత్తి చెబుతాడు. ఒక్క రాత్రికి కలలం, ఐదు రాత్రులకు బుడగ, పదో రోజుకు రేగుపండంత, నెలకు తల. పదో రోజు బిడ్డ నిజానికి మిల్లీమీటరులో చిన్న వంతు, కంటికి ఆనదు. రేగుపండంత కావాలంటే ఇంకో నెల పైన పడుతుంది. కొలత తప్పింది గానీ, రూపమంతా మొదట్లోనే కడుతుందన్న ఊహ మాత్రం తప్పు కాలేదు. ఎనిమిది వారాలు నిండేసరికి బిడ్డ 3 సెంటీమీటర్లు. అప్పటికే గుండె, కాలేయం, కళ్లు, వేళ్లు, అన్నిటికీ పునాది పడిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఏడు నెలలు ఎక్కువగా పెరుగుదలే.

ఇంకో విశేషం ఉంది. తొలి రెండున్నర నెలలు తల్లి రక్తం మాయలోకి ధారగా పారదు. గర్భసంచి గోడలో ఉండే గ్రంథులు ఊరించే ఒక చిక్కటి ద్రవమే అప్పటి ఆహారం. దాన్ని గర్భసంచి పాలు అనేవాళ్లూ ఉన్నారు. గొర్రెలకూ పశువులకూ ఇలా ఉంటుందని ముందే తెలుసు. మనుషుల్లోనూ అంతేనని కేంబ్రిడ్జిలో గ్రాహం బర్టన్ బృందం 2002 ప్రాంతంలో చూపించింది. కాబట్టి తొలి వారాల్లో బిడ్డకు ఇవాళ్టి పళ్లెం కంటే, కడుపు పండక ముందు తల్లి తిన్న పళ్లేలే ఎక్కువ లెక్కకొస్తాయి.

ఆ గొట్టం సరిగా చుట్టుకోవడానికి కణాలు జోరుగా విడిపోవాలి. విడిపోయే ప్రతి కణానికీ కొత్త డీఎన్‌ఏ కావాలి. దాన్ని తయారు చేయడానికి ఫోలేట్ అనే బి విటమిన్ కావాలి. ఇక్కడే మన కథ బొంబాయికి, అక్కడి నుంచి భీమవరానికి పోతుంది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లలో కడుపుతో ఉన్నప్పుడు రక్తం పలచబడి చనిపోతున్నవాళ్లు ఎక్కువ. సూక్ష్మదర్శినిలో చూస్తే వాళ్ల ఎర్ర కణాలు మామూలు కంటే పెద్దవిగా, కొద్దిగా ఉన్నాయి. క్రిమి ఏదైనా ఉందేమోనని వెతికితే దొరకలేదు. అప్పుడామె వాళ్ల వంటింటి వైపు చూసింది. కొన్నాళ్లు నీలగిరుల్లోని కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ పరిశోధనశాలలో ఎలుకల మీద పనిచేసింది. చివరకు ఈస్టు పులుసుతో చేసిన మార్మైట్ అనే చవక తినుబండారం పెడితే ఆ తల్లులు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి అచ్చువేసింది. అందులో ఉన్నదేమిటో ఆమెకూ తెలియదు. ఊరూ పేరూ లేని ఆ పదార్థాన్ని చాలాకాలం విల్స్ ఫ్యాక్టర్ అనే పిలిచారు. మన ఫోలేట్ అదే.

ఆ కూనూరు పరిశోధనశాల 1918లో ఒక్క గదిలో, బెరిబెరి జబ్బు మీద విచారణగా మొదలైంది. అదే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. మనం ఎన్ఐఎన్ అంటాం.

1941లో అమెరికాలో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను పిండి, దాన్నుంచి ఆ విటమిన్‌ను చిటికెడంత వేరుచేశారు. చిటికెడుతో వైద్యం జరగదు కదా. దాన్ని ఫోలిక్ యాసిడ్ రూపంలో ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945లో దొరికింది. న్యూయార్క్ దగ్గర లెడర్లీ కంపెనీలో ఆ పరిశోధనను నడిపించినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. కుర్రతనంలోనే ఆయన అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాతో సంగ్రహణి జబ్బుతో పోయారు. ఆయనకూ అదే జబ్బు వచ్చి చావు తప్పింది. తిన్నది ఒంటబట్టక రక్తం పలచబడే ఆ జబ్బుకు పనికొచ్చిన మందుల్లో ఈ ఫోలిక్ యాసిడ్ ఒకటి! 1948లో, 53 ఏళ్లకే ఆయన పోయాడు. దవాఖానలో ఫోలిక్ యాసిడ్ గోలీ చేతిలో పెడితే దాని వెనక మనవాడున్నాడని గుర్తుపెట్టుకో.

వెన్ను సంగతి తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అంతకుముందు వెన్ను చీలిన బిడ్డను కన్న తల్లులకు, మళ్లీ గర్భం రాకముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. ఏడు దేశాల్లో జరిగిన ఆ ప్రయోగం ఫలితం 1991లో వచ్చింది. నూటికి 72 వంతులు ఆ లోపం రాకుండా ఆగింది. మామూలు తల్లులకు అంత అక్కర్లేదు, రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. అంటే గ్రాములో రెండున్నర వేలవ వంతు.

ఇప్పుడు మన ఊరి పళ్లెం చూద్దాం. పెద్దవూర నాగార్జునసాగర్ పోయే తొవ్వలో ఉంది కదా. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది. అంతకుముందు మా దిక్కు జొన్న, సజ్జ, కంది, ఆముదం. పండగకో చుట్టానికో వరి అన్నం. ఎడమ కాలువ పారాక హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ అంతా వరి మడులే. మిర్యాలగూడ చుట్టూ మిల్లుల గొట్టాలు లేచాయి. మూడు పూటలా తెల్లన్నం దొరికింది. ఆకలి తీరింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఆకలి తెలిసినవాడెవడూ మాట్లాడడు. కానీ ఎన్ఐఎన్ 2017లో వేసిన ఆహార పట్టికలు తీసి చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. 100 గ్రాముల జొన్నల్లో ఫోలేట్ సుమారు 39 మైక్రోగ్రాములు, సజ్జల్లో 36. పాలిష్ పట్టిన బియ్యంలో 9. ఇనుము సజ్జల్లో 6 మిల్లీగ్రాముల పైన, జొన్నల్లో దాదాపు 4. బియ్యంలో ఒక్క మిల్లీగ్రాము కూడా లేదు. అంత తక్కువ ఉన్న బియ్యాన్నే నాలుగు నీళ్లు కడిగి, గంజి వార్చి పారబోస్తాం! ఫోలేట్ నీళ్లలో కరిగిపోయే సరుకు, వేడికీ ఆగదు. మా అమ్మ ఆ గంజిలో ఉప్పు వేసి తాగించేది. ఇప్పుడది బర్రె కుడితిలోకి పోతుంది. బర్రె బలంగానే ఉంది.

ఎన్ఐఎన్ చెప్పే లెక్కన గర్భిణికి రోజుకు 570 మైక్రోగ్రాముల ఫోలేట్ కావాలి. రోజంతా తెల్లన్నమే తింటే అందులో పదో వంతు కూడా రాదు. మరి ఎక్కడుంది? పప్పుల్లో, ఆకుల్లో. శనగలు 100 గ్రాముల్లో 200 మైక్రోగ్రాముల పైనే, బొబ్బర్లూ అంతే. పెసర్లు కొంచెం వెనక. పాలకూరలో 140 దాకా. తోటకూర, బచ్చలి, గంగవాయిలి, పుంటికూర, చుక్కకూర, పెరట్లో మునగాకు, ఏది దొరికితే అది. ఆకును ముందు కడిగి తర్వాత తరగాలి. తరిగి నానబెట్టి, ఆ నీళ్లు పారబోస్తే విటమిన్ కూడా వాటి వెంటే పోతుంది. పప్పులో వేసి మూతపెట్టి ఉడికించి, ఆ నీళ్లతోనే తినాలి. గంగవాయిలి పప్పు, పక్కన జొన్నరొట్టె, ఒక నిమ్మచెక్క. దానికి మించిన టానిక్ ఏ షాపులోనూ అమ్మరు. సాయంత్రం బజ్జీల బదులు ఉడికించిన బొబ్బర్ల గుడాలు.

ఈ మధ్య రేషన్ బియ్యంలో నీళ్లలో తేలే గింజలు కనిపించి, ప్లాస్టిక్ బియ్యమని ఊరంతా గోల చేశారు. ప్లాస్టిక్ కాదది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజల్లా ఒత్తుతారు. నూటికి ఒక గింజ చొప్పున మిల్లులో కలుపుతారు. ఏరి పారేయకండి. అలాగని దాని మీదే భారం వేసి కూర్చోవద్దు. కిలో బియ్యంలో కలిపే ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములే. మనిషి రోజుకు కిలో బియ్యం తినడు కదా.

ఇంత చెప్పాక, వేవిళ్ల పిల్ల అడుగుతుంది: "తాతా, వాసన చూస్తేనే కక్కొస్తుంటే బొబ్బర్లెక్కడ తినను?" న్యాయమే. వేవిళ్లు మనసులో పుట్టిన వేషాలని ఒకప్పుడు చదువుకున్న డాక్టర్లే అనేవాళ్లు. 2023 డిసెంబరులో ఒక పరిశోధన వచ్చింది. బిడ్డ, మాయ కలిసి జీడీఎఫ్15 అనే హార్మోనును తల్లి రక్తంలోకి వదులుతాయి. అది మెదడులో వాంతి కేంద్రాన్ని కదిలిస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో ఆ హార్మోను తక్కువగా ఉన్నవాళ్లకు అది ఒక్కసారిగా పెరిగేసరికి బాధ ఎక్కువ. ముందే అలవాటున్నవాళ్లకు తక్కువ. కాబట్టి "మేమంతా కనలేదా" అనే అత్తగార్లు కాస్త ఆగాలి. వాళ్ల ఒంటికి అలవాటుందేమో, ఈ పిల్లకు లేదు. పొద్దున లేస్తూనే పేలాలో మరమరాలో నమిలి, తర్వాత మంచం దిగడం, కడుపు ఖాళీగా ఉంచకుండా గంటకో రెండు గంటలకో కొంచెం కొంచెం తినడం, తాళింపు పెట్టేటప్పుడు అవతలికి పోవడం, కొందరికి అల్లం, ఇవి పనికొస్తాయి. ఏదీ నిలవక, మూత్రం తగ్గి, మనిషి తూకం పడిపోతుంటే మాత్రం అది ఇంటి చిట్కాలకు లొంగేది కాదు, దవాఖానకు పోవాలి. తొలి మూడు నెలలు ఇద్దరి కోసం తినాల్సిన పనీ లేదు. బొటనవేలంత బిడ్డకు ఎంత కావాలి గనక! తర్వాత రోజుకు 350 కేలరీలు ఎక్కువ కావాలి. ఒక గ్లాసు గేదె పాలు, ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలు కలిపితే ఇంచుమించు అంతే.

మన ఇళ్లలో ఇంకో పట్టింపుంది. మూడో నెల నిండేదాకా బయటికి చెప్పొద్దు. దిష్టి తగులుతుందని, తీరా నిలవకపోతే నలుగురిలో నామోషీ అని. ఆ భయం ఊరికే పుట్టలేదు. తెలిసిన గర్భాల్లోనే నూటికి పది నుంచి ఇరవై దాకా తొలి నెలల్లో పోతాయి. అందులో సగానికి పైగా అండంలోనో పిండంలోనో క్రోమోజోములు తప్పుగా పంచుకోవడం వల్ల. బిందె ఎత్తిందని, మెట్లెక్కిందని ఆ పిల్లను అనకూడదు. బిడ్డ దక్కాలన్న ఆరాటం ఎంత పాతదో చూడాలంటే మనం దూరం పోనక్కర్లేదు. పక్కనే నాగార్జునకొండ తవ్వకాల్లో తల లేని ఒక అమ్మవారి శిల్పం దొరికింది. కాన్పు భంగిమలో కూర్చుని ఉంటుంది. చేయించింది ఇక్ష్వాకుల రాణి ఖండువుల, ఎహువల శాంతమూలుడి భార్య. దాని మీద శాసనంలో తాను సుమంగళినని, బతికున్న బిడ్డ గల తల్లినని చెప్పుకుంది. పదిహేడు వందల ఏళ్ల కిందట మహారాణికే బిడ్డ బతకడం అంత గొప్ప సంగతి.

భయం పాతదే అయినా, మూడు నెలల మౌనం వల్ల ఇప్పుడు నష్టమే ఎక్కువ. ఊరందరికీ చెప్పనక్కర్లేదు, ఆశా వర్కరుకు చెప్పు చాలు. 12 వారాల్లోపు పేరు రాయించుకుంటే రక్తం, మూత్రం, బీపీ, షుగరు, థైరాయిడ్ చూస్తారు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం మొదలవుతుంది. 2015 జనవరి 1 నుంచి నడుస్తున్న పథకం అది. అన్నం, పప్పు, ఆకుకూర, రోజూ గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అక్కడికి పోయి తినడం చిన్నతనమని కొందరు కోడళ్లను పంపరు. గుడ్డూ పాలూ ఇంటికి తెప్పించుకుని నలుగురికీ పంచేవాళ్లూ ఉన్నారు. ఆ గుడ్డు ఆ పిల్ల కడుపులోకే పోవాలి. మాంసాహారం తినేవాళ్లయితే సాగర్ నీళ్ల బొచ్చె, రవ్వ చేపలు బాగా ఉడికించి నిశ్చింతగా తినొచ్చు. శాకాహారులు పాలు, పెరుగు గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే బి12 ఆకుల్లో, పప్పుల్లో దొరకదు. అది లేకపోతే ఫోలేట్ ఉండి కూడా సరిగా పనిచేయదు.

ఇక ఎర్ర గోలీ. నాలుగో నెల నుంచి రోజుకొకటి ఇస్తారు. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. కాన్పు దాకా 180, కాన్పయ్యాక మళ్లీ 180. తెలంగాణలో గర్భిణుల్లో సగానికి పైగా, నూటికి 53 మంది, రక్తహీనతతో ఉన్నారని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంతకుముందు సర్వేలో ఇంకా తక్కువే ఉండింది. గోలీలు ఇవ్వక కాదు. మింగితే కడుపులో తిప్పుతుందని, మలం నల్లగా పోతుందని భయపడి గూట్లో దాచేస్తారు. మలం నల్లబడితే భయం లేదు, ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము అది. తిప్పుతుంటే రాత్రి భోజనం చేశాక మింగి పడుకోవచ్చు. చాయ్‌తో మాత్రం వద్దు. తెలంగాణలో ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, అన్నం తిని చేయి కడుక్కోగానే చాయ్ మనకు. చాయ్‌లోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి. గంట, గంటన్నర ఆగి తాగు. కాల్షియం గోలీని కూడా ఇనుముతో కలిపి మింగొద్దు. రెండూ పోటీపడతాయి. ఒకటి పగలు, ఒకటి రాత్రి.

కడుపుతో ఉన్న పిల్ల చాటుగా బలపాలు కొరుకుతున్నా, గోడ మట్టి గీకి తింటున్నా, పచ్చి బియ్యం బుక్కుతున్నా నవ్వి ఊరుకోవద్దు, తిట్టొద్దు. ఇనుము తగ్గినవాళ్లలో ఈ కోరిక ఎక్కువగా కనిపిస్తుంది. రక్తం పరీక్ష చేయించాలి. మట్టితో నులిపురుగులు లోపలికి పోయి ఉన్న రక్తాన్నీ పీలుస్తాయి.

మన నల్లగొండకు ఇంకో తలనొప్పి ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు పాత బోరు నీళ్లు ఎంతమంది కాళ్లు వంకర చేశాయో దేశమంతా చూసింది. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నంతో చేసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు! ఫ్లోరైడ్ పేగుల పొరను దెబ్బతీసి, తిన్న ఇనుమును ఒంటబట్టనీయదని ఢిల్లీలో ఎ.కె. సుశీల చెబుతూ వచ్చారు. ఫ్లోరైడ్ తగ్గించి, తిండి సరిచేస్తే గర్భిణుల్లో రక్తం పెరిగిందని, బిడ్డల తూకం బాగుందని 2010లో అచ్చువేశారు. ఇంటికి కృష్ణ నీళ్లు వస్తున్నప్పుడు, రుచి బాగుందని బోరు నీళ్లు తాగకు.

బొప్పాయి ముచ్చట అడగనిదే వదలరు కదా. పచ్చి బొప్పాయి పాలు ఎలుకల గర్భసంచిని ముడుచుకునేలా చేశాయి, పండిన పండు రసం చేయలేదు. 2002లో వచ్చిన మాట ఇది. పచ్చిది, దోరది మానేయి. బాగా పండిన ముక్క తిన్నావని గుండెలు బాదుకోవద్దు. కుంకుమ పువ్వు పాలు తాగితే బిడ్డ ఎర్రగా పుట్టడు, రంగు అమ్మానాన్నల జన్యువులది. ఆ డబ్బుతో నెలకు సరిపడా గుడ్లొస్తాయి. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమని పళ్లెంలో తగ్గించడం అన్నిటికంటే చెడ్డది. తూకం తక్కువ బిడ్డలు ఎక్కువగా పుట్టేది అలాంటి ఇళ్లలోనే. కల్లు చలువ చేస్తుందంటారు. చలువ సంగతేమో గానీ అందులో ఉన్నది ఆల్కహాలు. బిడ్డకు అది చుక్కైనా వద్దు.

మళ్లీ మొదటి లెక్క దగ్గరికే వస్తే, ఆ ఎర్ర గోలీ చేతికి వచ్చే నాలుగో నెలకు వెన్ను కట్టి రెండు నెలలు దాటింది. అందుకే 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గోలీ వేరే ఉంది, అది గర్భం అనుకున్నప్పటి నుంచే మొదలుపెట్టాలి. ఎర్ర రక్త కణం వయసు నాలుగు నెలలు. కొత్త కణాలన్నీ ఫోలేట్‌తో నిండాలంటే మూడు నెలలైనా ముందు మొదలుపెట్టి ఉండాలి. పెళ్లిచూపుల నుంచి పట్టుచీరల దాకా ఆరు నెలలు పట్టే మన ఇళ్లలో ఆ వ్యవధికి లోటేముంది? ఏడో నెలలో సీమంతానికి పెట్టే పళ్ల బుట్ట ఖర్చుతో, పెళ్లయిన రోజు నుంచి ఏడాదికి సరిపడా గోలీలు కొనొచ్చు. కొత్త కోడలికి ఒడిబియ్యంతో పాటు ఒక డబ్బా ఒళ్లో పెడితే నేనైతే తప్పుపట్టను. ఆ ఇంట్లో పురోహితుడు తప్పుపడతాడేమో.

అందరికీ ఒకే మోతాదు కాదు, అదొకటి మర్చిపోకు. ముందు కాన్పులో వెన్ను లోపమున్న బిడ్డ పుట్టి ఉంటే పదింతల మోతాదు రాస్తారు, అది డాక్టరు చేతిలోనే ఉండాలి. షుగరు ఉన్నవాళ్లు గర్భానికి ముందే దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్నవాళ్లలో వెన్ను లోపం ఎక్కువ. అలాగని గోలీ తమంతట తాము ఆపేస్తే మూర్ఛే ప్రాణం మీదికి తెస్తుంది. ముందే పోయి మందు మార్పించుకోవాలి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే ఆడపిల్లలూ మన ఊళ్లలో తక్కువేం లేరు. ఫోలేట్ పనిని అడ్డుకునే మందు అది. దాని మూలాలూ సుబ్బారావు బృందం చేసిన పనిలోనే ఉన్నాయి. కేన్సర్ కణాలకు ఫోలేట్ అందకుండా చేస్తే అవి విడిపోలేవన్న ఆలోచనతో పుట్టింది. చుట్టుకుంటున్న వెన్నుకు కూడా అది అలాగే అడ్డుపడుతుంది కాబట్టి, బిడ్డ కావాలనుకుంటే కొన్ని నెలల ముందే డాక్టరుతో మాట్లాడి ఆపించుకోవాలి. మిర్యాలగూడ స్కానింగ్ దాకా ఆగే సంగతి కాదది.